కరెంటు జీవోకూ నేలకింది నీళ్లకూ నడుమ: దక్షిణ తెలంగాణలో పీహెచ్‌డీ చేయడమెలా

ఎకనామిక్స్‌లో ఎంఏ చేసి బోర్లు ఎందుకు ఎండుతున్నాయో తేల్చాలనుకునేవాళ్లు, జియాలజీలో ఎమ్మెస్సీ చేసి ఉచిత కరెంటు మీద రాయాలనుకునేవాళ్లు మన యూనివర్సిటీల్లో ఏటా కనిపిస్తూనే ఉంటారు. చాలామందిని ఇంటర్వ్యూలోనే "ముందు ఏదో ఒకటి తేల్చుకో" అని పంపేస్తారు. తేల్చుకోనక్కర్లేదు. అయితే వ్యవసాయ విధానం గురించి మూడు అధ్యాయాలు, నేలా నీళ్ల గురించి మూడు అధ్యాయాలు రాసి ఒకే అట్ట వేసినంత మాత్రాన అది రెండు శాస్త్రాల పరిశోధన అయిపోదు. రెండు వైపులకూ తప్పనిసరిగా కావాల్సిన కొలత ఒకటి ఉండాలి. దాన్ని పొలంలో నిలబడి మీరే తీయాలి. మిగతా పనంతా దాని చుట్టూ అల్లుకోవాలి.

ప్రశ్నను ఇలా పరీక్షించండి

"రైతుబంధు ప్రభావం: ఒక అధ్యయనం" లాంటి పేరుతో సినాప్సిస్ (పరిశోధన ప్రతిపాదన) పెట్టకండి. అలాంటివి అలమరల నిండా ఉన్నాయి. మీ ప్రశ్నను ఒక కాగితం మీద రాసి, అందులో సైన్సు భాగం కొట్టేయండి. అయినా థీసిస్ నిలబడితే మీకు సైన్సు అవసరం లేదు, హాయిగా ఎకనామిక్స్‌లో చేసుకోండి. విధానం భాగం కొట్టేసినా నిలబడితే సైన్సు శాఖకు వెళ్లండి. ఏది కొట్టేసినా ప్రశ్న కూలిపోవాలి. అప్పుడే అది మీకు కావాల్సిన ప్రశ్న.

ఒక ఉదాహరణ చూడండి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. "దీనివల్ల భూగర్భజలం తగ్గిందా?" అనేది అందరూ అడిగే ప్రశ్న. మన దగ్గర కింద ఉన్నది గ్రానైటు, నైసు రాయి. నీళ్లన్నీ పైనున్న మెత్తబడ్డ పొరలో, దాని అడుగున ఉండే పగుళ్లలో ఉంటాయి. ఆ పొర తన పరిమాణంలో ఒకటిన్నర నుంచి మూడు శాతం దాకానే నీటిని మోటారుకు వదులుతుంది. అలాంటప్పుడు బోరు ఎంత పోస్తుందన్నది కరెంటు ఉన్న గంటలను బట్టి తేలుతుందా, రాయిలో ఉన్న నీటిని బట్టి తేలుతుందా? రాయిని బట్టే అయితే కరెంటు గంటలు పెంచినా తగ్గించినా తోడే మొత్తం పెద్దగా మారదు, తోడే వేళలు మాత్రం మారతాయి. ఇది విధానం గురించిన ప్రశ్నే, కానీ దీనికి జవాబు రాయిలో ఉంది.

ఫ్లోరైడు మీద ఆసక్తి ఉన్నవాళ్లకు నల్లగొండలో దీనికి తోబుట్టువు లాంటి ప్రశ్న దొరుకుతుంది. బోరు నీళ్లు వరి మడికి వెళ్తాయి, కొంత ఆవిరవుతాయి, మిగిలింది ఇంకి మళ్లీ అదే బోరులోకి దిగుతుంది. ప్రతి చుట్టుకూ నీటిలో ఉప్పులు చిక్కబడతాయి. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు దొరకకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చని భారత ప్రమాణాలు చెబుతాయి. పటిక, సున్నంతో ఫ్లోరైడు తీసే పద్ధతికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ శాస్త్రవేత్తలు "నల్లగొండ టెక్నిక్" అని పేరు పెట్టారంటేనే ఈ జిల్లాకు ఆ సమస్యతో ఎంత చుట్టరికమో తెలుస్తుంది. ఇప్పుడు ఇంటికి మిషన్ భగీరథ నీళ్లు వస్తున్నాయి. పొలం దగ్గర, పశువుల తొట్టి దగ్గర మాత్రం బోరు నీళ్లే. వరికి మద్దతు ధర, కరెంటు రాయితీ పెరిగినకొద్దీ ఈ చుట్టు వేగం పెరుగుతుందా? మర్రిగూడ, చండూరు వైపు వెళ్లి చూడదగ్గ విషయం.

చెరువు మట్టి మరొకటి. మిషన్ కాకతీయ 2015లో మొదలైంది. పూడిక మట్టిని చల్క (ఎర్ర ఇసుక) నేలల్లో తోలుకున్నవాళ్లు ఊరూరా ఉన్నారు. ఆ మట్టి ఎన్నేళ్లు తేమ పట్టి ఉంచుతుంది, ట్రాక్టరు ఖర్చు ఎన్ని పంటలకు తిరిగొస్తుంది అనే రెండు లెక్కలు కలిస్తే చక్కని పీహెచ్‌డీ అవుతుంది. దీనికి ఖర్చు తక్కువ, ప్రయోగశాల పనీ తేలిక. మొదటిసారి రెండు పడవల మీద కాళ్లు పెడుతున్నవాళ్లకు నేను సూచించేది ఇదే.

గైడు, రిజిస్ట్రేషన్

ఈ విషయం మీద ఎక్కువ మథనపడకండి, కానీ కాగితం మీద ఉండాల్సినవి ఉండాలి. యూజీసీ 2022 నిబంధనలు కో-సూపర్‌వైజరును ఒప్పుకుంటాయి, వేరే శాఖ నుంచీ వేరే సంస్థ నుంచీ పెట్టుకోవచ్చు. రెండో గైడును "అవసరమైతే అడుగుదాం" అని వదిలేయకుండా మొదటి ఏడాదే ఉత్తర్వులో పేరు వేయించండి. నోటిమాటగా ఒప్పుకున్న పెద్దమనుషులు మూడో ఏడాదికి రిటైరవుతారు, బదిలీ అవుతారు. పరిశోధన సలహా కమిటీలో అవతలి శాఖ మనిషి ఒకరు కూర్చునేలా చూసుకోండి. ఆర్నెల్లకోసారి వాళ్లు వేసే ప్రశ్నలే రేపు వైవాలో (మౌఖిక పరీక్షలో) వస్తాయి.

ఏ శాఖలో రిజిస్టర్ అయితే ఆ శాఖ ఉద్యోగాలకే అర్హత అనే లెక్క మన దగ్గర ఇంకా బలంగా ఉంది. కాబట్టి రేపు ఏ తలుపు తట్టాలనుకుంటున్నారో ఆ శాఖలోనే పేరు రాయించుకుని, రెండో శాస్త్రాన్ని కో-గైడు ద్వారా తెచ్చుకోండి. నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ, రాజేంద్రనగర్‌లో జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఉస్మానియా, హెచ్‌సీయూ ఉండనే ఉన్నాయి. రెండో గైడు కోసం ఉప్పల్‌లోని ఎన్‌జీఆర్‌ఐ (భూభౌతిక పరిశోధన సంస్థ), సంతోష్‌నగర్‌లోని క్రిడా (మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ), పటాన్‌చెరులోని ఇక్రిశాట్ (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) తలుపులు తట్టవచ్చు. పాలెంలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానాన్ని మర్చిపోకండి. హైదరాబాద్ మెరుపుల్లో పడి చాలామంది దాన్ని దాటుకుని పోతారు గానీ, దక్షిణ తెలంగాణ పంటల గురించి తెలిసినవాళ్లు ఉండేది అక్కడే. సాగర్ ఆయకట్టు మీద పనైతే కంపాసాగర్‌లోని వ్యవసాయ పరిశోధనా కేంద్రానికి వెళ్లండి.

డబ్బు సంగతి: జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) అయ్యాక 42,000. 2024 జూన్ నుంచి నెట్ స్కోరు పీహెచ్‌డీ ప్రవేశానికి కూడా పనికొస్తోంది, కాకపోతే ఆ ప్రవేశానికి ఒక్క ఏడాదే చెల్లుతుంది. ఫెలోషిప్ నెలనెలా వస్తుందని లెక్కేసుకుని పొలం పని ప్లాన్ చేయకండి. ఒక సీజను ఖర్చు చేతిలో ఉంచుకోండి.

ఊరు ఎంచుకోవడం

సర్కారుకు హద్దు గ్రామ పంచాయతీ, మండలం. నీళ్లకు హద్దు గట్టు, వాగు. ఈ రెండు హద్దులూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవు. సర్వే రెవెన్యూ గ్రామంలో చేసి, నీటి లెక్క వాటర్‌షెడ్‌కు (వాగు పరీవాహకానికి) వేస్తే రెండు సగాలూ ఎప్పటికీ కలవవు. అందుకే ముందు ఒక చిన్న వాగు పరీవాహకం ఎంచుకుని, అందులో పూర్తిగానో ముప్పాతికో పడే ఊళ్లు చూసుకోండి. ఇటు బోర్ల మీదే బతికే ఊరొకటి, అటు కాలువ నీళ్లు అందే ఊరొకటి ఉంటే పోల్చడానికి వీలు. పాలమూరులో (మహబూబ్‌నగర్ వైపు) కల్వకుర్తి, భీమా, నెట్టెంపాడు ఎత్తిపోతల నీళ్లు వచ్చి చెరువులు నిండిన ఊళ్లున్నాయి, పక్కనే రానివీ ఉన్నాయి. నల్లగొండలో హాలియా, మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ, ఇటు మునుగోడు, నాంపల్లి వైపు బోర్లు.

పాత సమాచారం ఉన్న ఊరు దొరికితే వదలకండి. ఇక్రిశాట్ 1975లో మొదలుపెట్టిన గ్రామస్థాయి అధ్యయనాల్లో ఉమ్మడి పాలమూరు ఊళ్లు రెండున్నాయి: ఔరేపల్లి, దోకూరు. ఇంటింటి లెక్కలు దశాబ్దాల కొద్దీ ఉన్న ఊళ్లు దేశంలోనే అరుదు. ఆ సమాచారం అడిగి తీసుకోవచ్చు. 2000ల్లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏవో) సాయంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు జిల్లాల్లో రైతులే భూగర్భజలం కొలుచుకున్న ప్రాజెక్టు నడిచింది, వాటిలో మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ ఉన్నాయి. రైతులే నీటిమట్టం కొలిచి, వానను బట్టి పంటల నీటి బడ్జెట్ వేసుకునేవాళ్లు. ఆ ఊళ్లలో నీటి లెక్క మాట్లాడితే వింతగా చూడరు, అదే పెద్ద లాభం.

జిల్లా అంకెలతో జాగ్రత్త

2016 అక్టోబర్ 11న పది జిల్లాలు 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట, ములుగు చేరి 33 అయ్యాయి. ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, తర్వాత నారాయణపేట విడిపోయాయి. షాద్‌నగర్, ఆమనగల్లు, మాడ్గుల వైపు రంగారెడ్డికి, కొడంగల్ వైపు వికారాబాద్‌కు వెళ్లాయి. పైన చెప్పిన ఔరేపల్లి ఇప్పుడు రంగారెడ్డి జిల్లా. ఉమ్మడి నల్లగొండ మూడు ముక్కలైంది.

దీంతో ఏమవుతుందంటే, 2010 నుంచి 2022 దాకా "మహబూబ్‌నగర్ జిల్లా వరి విస్తీర్ణం" అని గ్రాఫు గీస్తే 2016 దగ్గర గీత ఒక్కసారిగా విరిగి పడుతుంది. కృష్ణ ఒడ్డు ఆయకట్టులో చాలా భాగం వేరే జిల్లాలకు పోయింది కాబట్టి అలా కనిపిస్తుంది తప్ప, ఒక్క రైతు కూడా పంట మార్చకపోయినా ఆ గీత విరిగేదే. ఈ విరుపును పథకం ప్రభావంగా చదివిన పట్టికలు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. మండలాలూ చీలాయి, కాబట్టి మండలం స్థాయికి దిగినా గండం గడిచినట్టు కాదు. 2011 జనగణన గ్రామ కోడ్‌ను ఆధారం చేసుకుని, ప్రతి ఊరికీ పాత మండలం, పాత జిల్లా, కొత్త మండలం, కొత్త జిల్లా అని ఎక్సెల్‌లో ఒక పట్టిక తయారుచేసుకోండి. విసుగు పుట్టించే పనే. కానీ ఒక్కసారి చేస్తే వర్షపాతం, పంటల నమోదు, నీటిమట్టం అన్నీ దానికే తగిలించుకోవచ్చు.

ఆ ఒక్క కొలత

"బోరు ఎంత పోస్తది పెద్దాయనా?" అని అడగండి. "ఇంచున్నర పోస్తది బిడ్డా, ఎండకాలమైతే ఇంచు గూడ రాదు" అంటాడు. చాలా సర్వే ఫారాల్లో ఈ జవాబు అలాగే ఎక్కుతుంది, లేదా అసలు ఎక్కదు. బోరు వేసిన రోజు బండివాళ్లు చెప్పే ఇంచులు వేరు, మోటారు పైపు నుంచి పడే ఇంచులు వేరు, ఊరూరికీ వాడకం వేరు. కాబట్టి ఇంచులను లీటర్లలోకి మార్చడమే మీ మొదటి ప్రయోగం.

దానికి 200 లీటర్ల డ్రమ్ము, ఫోన్‌లో స్టాప్‌వాచీ చాలు. మోటారు వేసి ఐదు పది నిమిషాలు పోనిచ్చాక డ్రమ్ము పెట్టండి. మూడుసార్లు నింపి సగటు తీయండి. 80 సెకన్లలో నిండిందనుకుందాం. అంటే సెకనుకు రెండున్నర లీటర్లు, గంటకు 9,000 లీటర్లు. తొమ్మిది గంటలు నడిస్తే 81,000 లీటర్లు, అంటే 81 ఘనపు మీటర్లు. ఆ నీళ్లు రెండెకరాల వరికి, అంటే సుమారు 8,094 చదరపు మీటర్లకు పారితే మడిలో 10 మిల్లీమీటర్ల మందం అవుతుంది. మార్చి, ఏప్రిల్ ఎండల్లో వరి నుంచి రోజుకు 5 నుంచి 7 మిల్లీమీటర్లు ఆవిరయ్యే పోతుంది, చల్క నేలలో ఇంకేది అదనం. ఆ రైతు యాసంగిలో రెండెకరాలే ఎందుకు నాటాడో మీకు ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. అదే డ్రమ్ముతో వానాకాలం చివర ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి అదే బోరు దగ్గర కొలవండి. పోత పడిపోతుంటే, మోటారు నడిచే గంటలు పెరుగుతూ కూడా నీళ్లు తగ్గుతుంటే, మీ థీసిస్ గుండెకాయ దొరికినట్టే.

రెండో సగం మడిలో ఉంది. తోడిన నీళ్లన్నీ ఖర్చయినట్టు కాదు, వరి మడి నుంచి చాలా నీళ్లు మళ్లీ కిందికే దిగుతాయి. కరెంటు యూనిట్లను నీళ్లుగా మార్చి "ఇంత నీరు పోయింది" అని రాసేవాళ్లు మర్చిపోయేది దీన్నే. ఒక మడికి నీళ్లు వచ్చే, పోయే దారులు మూసి, గట్టుకు గండ్లు లేవని చూసుకుని, లోపల స్కేలు పాతండి. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి చదవండి. రాత్రి తగ్గిన దాంట్లో ఎక్కువ భాగం ఇంకింది, పగలు తగ్గింది ఇంకిందీ ఆవిరైందీ కలిపి. ఖరీదైన పరికరాలు వచ్చేదాకా ఈ పద్ధతే దారి చూపిస్తుంది.

నీటిమట్టం కొలవాలంటే మోటారు కొన్ని గంటలు ఆగి ఉండాలి. 24 గంటల కరెంటులో అది కష్టం, ముఖ్యంగా ఆటో స్టార్టర్లు (కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపించేవి) తీయనివాళ్ల దగ్గర. రైతును ముందురోజే బతిమాలుకుని తెల్లారేసరికి అక్కడుండండి. ఊళ్లో వాడకుండా వదిలేసిన బోరు దొరికితే అది మీకు బంగారం. దాని మూతకు తాళం వేయించి, నెలనెలా కొలవండి. భూగర్భజల శాఖ ఫిజోమీటర్ల (నీటిమట్టం కొలవడానికే వేసిన బోర్ల) అంకెలు పక్కన పెట్టుకుని సరిచూసుకోండి, మే, నవంబర్ కొలతలు తప్పకుండా.

కరెంటు వైపు లెక్కకు మీటర్లు లేవు. అయితే సబ్‌స్టేషన్‌లో ఫీడరు (ఊళ్లకు కరెంటు మోసే లైను) వారీగా గంటగంటకూ ఆంపియర్లు రాసే లాగ్‌బుక్ ఉంటుంది. వ్యవసాయ ఫీడరు విడిగా ఉందా, ఇళ్లు కూడా దాని మీదే ఉన్నాయా అన్నది ముందు తేల్చుకోండి. అడిగితే చూపించేవాళ్లు ఉంటారు. కాదంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, ముప్పై రోజుల గడువు చట్టంలోనే ఉంది.

రైతును అడగడం

"మీకు బోరు ఉందా?" అనే ఒక్క ప్రశ్న చాలదు. వేసినవి ఎన్ని, నీళ్లు పడ్డవి ఎన్ని, ఇప్పుడు పోస్తున్నవి ఎన్ని అని మూడు ప్రశ్నలు అడగండి. అప్పు ఉండేది పడని బోర్ల మీద. పట్టా ఎవరి పేర, సాగు ఎవరిది అన్నవి కూడా వేర్వేరు గడుల్లో రాయండి. 2018 మేలో మొదలైన రైతుబంధు, ఇప్పటి రైతుభరోసా సొమ్ము పట్టాదారుకు వెళ్తుంది. బోరు మోటారు వేసేది కౌలుదారు కావచ్చు. ఒకే గడిలో కలిపేస్తే డబ్బు ఒకరిదీ నీళ్లు ఇంకొకరివీ అయి మీ లెక్క తలకిందులవుతుంది.

తేదీలు క్యాలెండర్‌లో అడగకండి, కార్తెల్లో అడగండి. "మిరుగంల వేసిన్రా, ఆరుద్రల వేసిన్రా?" అంటే వారం అటూఇటూగా తేలుతుంది. దిగుబడి బస్తాల్లో చెబితే బస్తా ఎన్ని కిలోలని అక్కడే అడగండి. కొనుగోలు కేంద్రంలో నింపే సంచి 40 కిలోలు, ఇంట్లో లెక్క వేరుండొచ్చు. నాట్ల రోజుల్లో వెళ్లకండి. వలసవెళ్లే ఊళ్లలో సంక్రాంతికీ ఉగాదికీ ఇళ్లకు వస్తారు, ఆ వారాల్లో వెళ్తే తాళం వేసిన ఇళ్లు తక్కువ.

లెక్క కలపడం

2018లో రెండు పెద్ద మార్పులు కొన్ని నెలల తేడాతో వచ్చాయి: జనవరిలో కరెంటు, మేలో రైతుబంధు. చెరువుల పూడికతీత అప్పటికే నడుస్తోంది, ఎత్తిపోతల నీళ్లు అక్కడక్కడా వస్తున్నాయి, 2020లో వానలు దంచికొట్టాయి. అన్నీ రాష్ట్రమంతటా ఒకేసారి జరిగితే "పథకం లేని ఊరు" ఎక్కడ తెస్తారు? ఒక దారి నది దాటడం. గద్వాల, నాగర్‌కర్నూల్‌లకు అవతల కర్నూలు, నంద్యాల ఉన్నాయి. రాష్ట్రం మారితే విధానం మారుతుంది. అయితే కింది రాయి, వాన ఒకటేనా అన్నది భూగర్భ పటం చూసి తేల్చుకున్నాకే పోల్చండి. మీ సైన్సు మీ ఎకనామిక్స్‌కు అక్కరకొచ్చే చోటు ఇదే. ఇంకో దారి ఊళ్ల మధ్య రాయి తేడాను వాడుకోవడం. మెత్తటి పొర మందంగా ఉన్న ఊళ్లో కరెంటు గంటలు పెరిగితే తోడే నీళ్లు పెరగాలి, పలచగా ఉన్న ఊళ్లో పెరగకూడదు. అలా జరిగిందో లేదో చూడండి. నాకు ఈ రెండోదే ఎక్కువ నమ్మకం. హద్దు దాటి చేసే పోలికల్లో మార్కెట్టు, విత్తనం, కౌలు ధర అన్నీ మారిపోతాయి.

ఎకనామెట్రిక్స్‌కు (ఆర్థిక గణాంక పద్ధతులకు) దూకేముందు ఒక సాదా నీటి బడ్జెట్ చేతిరాతతో వేయండి: వాన, తోడినది, తిరిగి ఇంకినది, మట్టంలో తేడా. అది ఏ మూలకూ కలవకపోతే ఏ సాఫ్ట్‌వేరూ కలపలేదు.

పొలం పనికి రెండు వానాకాలాలు, రెండు యాసంగులు తక్కువ కాకుండా పెట్టుకోండి. మూడేళ్లు కనీసం, ఆరేళ్లు గడువు. కోర్సువర్కు జరుగుతుండగానే డ్రమ్ము కొలతలు మొదలెట్టేయండి, లేకపోతే ఒక సీజను ఊరికే పోతుంది.

రాత, వైవా

రెండు పత్రికలకు రెండు పేపర్లు వేరుగా పంపండి, థీసిస్‌లో మాత్రం రెంటినీ కలిపే అధ్యాయం ఒకటి రాయండి. బయటి పరీక్షకుల పేర్ల జాబితా గైడు తయారుచేసేటప్పుడు రెండు శాస్త్రాల నుంచీ మనుషులు ఉండేలా అడగండి. భూగర్భశాస్త్రం వైపు పరీక్షకుడు "ఇరవై బోర్లతో పరీవాహకం మొత్తానికి ఎలా చెబుతావు?" అంటాడు. ఎకనామిక్స్ వైపు పరీక్షకుడు "ఈ బోర్లు ఎలా ఎంచుకున్నావు, పోసేవే ఎంచుకున్నావా?" అంటాడు. రెంటికీ జవాబు ఒకే చోట ఉంటుంది. ఎండిన బోర్లతో సహా ఊళ్లోని బోర్లన్నీ మొదటి నెలలోనే జీపీఎస్‌తో గుర్తించి, ఆ జాబితా నుంచి చీటీలు తీసి ఎంచుకుని ఉండాలి. ఆ జాబితాను అనుబంధంలో పెట్టండి, రైతుల పేర్లు, సర్వే నంబర్లు మాత్రం తీసేసి.